పొట్ట తగ్గించమన్నారట!

మా అక్క కూతురికి పదమూడేళ్లు, కొండాపూర్‌లో బ్యాలే డాన్స్ నేర్చుకుంటోంది. ఈ మధ్య కాస్త ఒళ్లు చేసింది. ఆ వయసులో చేయాల్సిందే. క్లాసులో టీచరమ్మ అందరి ముందూ "పొట్ట తగ్గించు, అద్దంలో చూసుకో" అన్నారట. అప్పట్నుంచి బాక్సులో పెట్టిన పెసరట్టు అంచులు గిల్లి, మిగతాది ఫ్రెండ్స్‌కి పంచేస్తోంది. అల్లం చట్నీ డబ్బా మూతైనా తీయదు. అడిగితే "ఆకలి లేదు పిన్నీ".

బ్యాలేలో పాదాలు బయటికి తిప్పే టర్నౌట్ చాలావరకు తుంటి ఎముక అమరికను బట్టి ఉంటుంది. అన్నం మానేస్తే తుంటి మారుతుందా? దెబ్బతినేది నెలసరి, ఎముకల బలం. శ్రమకు తగ్గ తిండి లేక వచ్చే ఈ సమస్యకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. అదే ఏడు వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష, బ్యాలే డాన్సర్లలో సుమారు 16 శాతం మందికి ఈటింగ్ డిజార్డర్లు, అంటే తిండి విషయంలో వచ్చే మానసిక రుగ్మతలు, ఉన్నాయని లెక్కగట్టింది.

బావగారేమో "డైటింగే కదా, మంచిదే" అంటారు, బిర్యానీ ప్లేటు ముందు కూర్చుని మరీ. పిల్లకి పీరియడ్స్ ఆగిపోయాయని అక్క నిన్న చెప్పింది. శనివారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. టీచరమ్మతో మాట్లాడే పని మాత్రం నాదే.