0.3 నీటికోడి

ఇవాళ ఆఫీసులో పొద్దంతా పళ్లికరణై మోడల్‌తోనే సరిపోయింది. చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలలో నీళ్లూ, పక్షులూ ఎలా మారతాయో కంప్యూటర్‌లో నడిపి చూసే మోడల్ ఇది.

నీటి సంగతి తొందరగా తెమిలింది. చుట్టుపక్కల చెరువుల నుంచి దిగే వాన నీరు, ఎండకు ఆవిరయ్యేది, ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి పోయేది. ఇంటి జమాఖర్చుల పుస్తకంలాగే రాబడి, ఖర్చు, నిల్వ. దీనికి సమీకరణాలు చక్కగా సరిపోతాయి.

పేచీ పక్షుల దగ్గరే. నీటికోళ్లను కూడా సమీకరణంలోనే పెట్టి నీళ్లు తగ్గించుకుంటూ పోతే, వాటి సంఖ్య అయిదుకు, ఒకటికి, ఆఖరికి 0.3కి దిగింది. వానలు మొదలవగానే ఆ 0.3 నీటికోడి నుంచే మళ్లీ గుంపు తయారైంది! వేటాడే జీవి, దానికి ఎరయ్యే జీవి సంఖ్యలు ఎలా మారతాయో చెప్పడానికి 1920ల్లో లోట్కా, వోల్టెర్రా రాసిన సమీకరణాల్లోనూ ఇంతే, సంఖ్య ఎంత పడినా పూర్తిగా సున్నా కాదు. అదే నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పక్షినీ విడిగా నడిపిస్తే ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అదే నీటి లెక్కతో ఒకసారి గుంపు నిలబడింది, ఇంకోసారి ఆఖరి జంట కూడా పోయింది. ఒక పక్క పెరుంగుడి చెత్తకుప్ప, ఇంకో పక్క ఐటీ కారిడార్ పెట్టుకుని బతుకుతున్న చిత్తడి నేల ఇది. 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇలాంటి చోట ఆ ఆఖరి జంట ఏమైందో చెప్పలేని మోడల్ నాకు సరిపోదు.

మా టీమ్‌లో సూళ్లూరుపేట అబ్బాయి ఇంకో మాటన్నాడు. "రాజహంసలు నీళ్లు లోతైతే లేచిపోతాయక్కా, చచ్చిపోవు. రెండూ ఒకే తగ్గుదల కింద రాస్తే ఎలా?" పులికాట్ సరస్సు చూస్తూ పెరిగినవాడు కదా, ఆ మాట ఠక్కున వచ్చింది. నిజమే, వెళ్లిపోయిన పక్షి తిరిగి రావచ్చు. దానికి విడిగా ఒక నియమం ఉండాలి.

అందుకని నీటిని సమీకరణాలకే వదిలి, పక్షులను విడివిడిగా నడిపిస్తున్నాం. నీళ్ల మీద పెరిగే గుర్రపుడెక్క పక్కపక్కకు పాకుతుంది కాబట్టి దానికి మ్యాప్‌ను గడులుగా విడగొట్టి, ఒక గడి నుంచి పక్క గడికి పాకించే పద్ధతి. అసలు కష్టం ఈ మూడూ కలిసే చోట ఉంది. నీటి లెక్క ఇచ్చేది మొత్తం నిల్వ ఒక్కటే. పక్షికి కావాల్సింది తను నిలబడ్డ చోట లోతెంత అన్నది. మధ్యలో నేల ఎత్తుపల్లాల మ్యాప్ పెట్టి నిల్వను గడిగడికీ లోతుగా మార్చాం. మధ్యాహ్నమంతా దానికే పోయింది, పోతే పోయిందిగానీ చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు గుంటల్లోకి ముడుచుకుంటుంటే పక్షులు వాటి వెంటే జరిగాయి.

ఇంకో చిక్కుంది. నీటి లెక్క తప్పకుండా ఉండాలంటే కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోయాలి. కానీ కోసిన ప్రతిసారీ పక్షి మేతకు బయల్దేరితే రోజుకు వందసార్లు తిన్నట్టవుతుంది. ప్రస్తుతానికి నీరు ఒక రోజు పూర్తి చేశాకే పక్షులు కదిలేలా పెట్టాం. రేపు నీటి లెక్కలో ఆ కాలపు ముక్కను సగానికి తగ్గించి నడపాలి. పక్షుల గ్రాఫు తీరు మారిందంటే నీటికీ పక్షులకూ మధ్య అతుకు ఇంకా సరిగా కుదరనట్టే.