ఒలీవకొండకి పొద్దున్నే వెళ్లండి

మా టూర్‌లో ఒలీవకొండని సాయంత్రం పెట్టారు, బస్సు చేరేసరికి నాలుగైంది. కొండ యెరూషలేముకి తూర్పున ఉంది కాబట్టి ఆ వేళ ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది, ఎదుటి ప్రాకారం నల్లటి గీతలా ఉంటుంది. ఎంత జూమ్ చేసినా ఆ ప్రాకారంలోని తూర్పుగుమ్మం తేలలేదు. మర్నాడు యెరూషలేము పాతబస్తీలోని దమస్కు గుమ్మం దగ్గర సిటీ బస్సెక్కి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. పొద్దున ఎండ వీపున ఉంటుంది, గోడలో రాళ్లు లెక్కపెట్టొచ్చు. పైన ఒంటె ఎక్కేవాళ్లు ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి.

తూర్పుగుమ్మం నిజానికి జంట కమాను, రెండూ రాళ్లతో మూసేసి ఉన్నాయి. ముందు ముస్లింల సమాధులు, కిద్రోను లోయకి ఇవతల వాలంతా యూదుల సమాధులు. "1541లో తుర్కు సుల్తాను సులేమాను మూయించాడు, తూర్పు గుమ్మం మూసి ఉంటుందన్న యెహెజ్కేలు 44 నెరవేరింది" అని గైడు ఒక్క ముక్కలో తేల్చేశాడు, అందరూ ఆమెన్ అన్నారు. అధ్యాయం తీసి చదివితే అక్కడున్నది పరిశుద్ధస్థలపు బయటి గుమ్మం, ఊరి గోడది కాదు. 40వ అధ్యాయం నుంచి కొలతలతో సహా సాగే కొత్త మందిరపు దర్శనంలోది అది. మూతకి కారణమూ అక్కడే రాసుంది: యెహోవా దాని గుండా ప్రవేశించాడు గనుక. ఆ వైపున ఊరి గోడా ఆలయ ప్రాంగణపు గోడా ఒకటే కావడంతో రెండిటినీ కలిపేస్తారు. మెస్సీయకి ముందు రావాల్సిన ఏలీయా యాజకుడు కాబట్టి, అపవిత్రం చేసే సమాధులు దాటి ఈ గుమ్మానికి రాలేడన్న కథ కూడా వినిపిస్తుంది. బైబిల్లో ఆయన తిష్బీయుడే (తిష్బీ ఊరివాడు), యాజకుడని ఎక్కడా లేదు.

దిగే దారి బాగా ఏటవాలు, నున్నటి చెప్పులతో మోకాళ్లు పట్టేస్తాయి. మధ్యలో యేసు నగరాన్ని చూసి ఏడ్చిన చోటని కట్టిన కన్నీటిబొట్టు ఆకారపు చర్చి వస్తుంది. మధ్యాహ్నం మూసేస్తారు, పన్నెండులోపు చేరాలి.

మందిరం కూలిపోతుందని యేసు చెప్పిన మార్కు 13 నెరవేర్పు కళ్లారా చూడాలంటే మాత్రం కొండ దిగి, గోడ నైరుతి మూలకి పోవాలి. పెంటద్వారం లోపలే, పురావస్తు పార్కు, టికెట్ ఉంది. క్రీ.శ. 70లో రోమా సైనికులు పైనుంచి తోసిన రాళ్లు హేరోదు కాలపు వీధి మీద గుట్టగా అలాగే ఉన్నాయి, ఆ బరువుకి కింది పలకలు కుంగి పగిలాయి. "రాతిమీద రాయి నిలవదన్నాడుగా, మరి పడమటి గోడ నిలిచిందే?" అని అడుగుతుంటారు. యూదులు ప్రార్థించే ఆ గోడ మందిరం గోడ కాదు, మందిరమున్న కొండ చుట్టూ మట్టి ఆపడానికి హేరోదు కట్టించిన ఆనుడు గోడ. శిష్యులు చూపించింది పైనున్న కట్టడాలని. వాటిలో నిలబడి ఉన్నది ఏదీ లేదు.

మా షెడ్యూల్‌లో ఈ పార్కు అసలు లేదు. ఆ గంట ఒలీవ చెక్క సిలువలమ్మే షాపుకి కేటాయించారు.