నాన్న పట్టిన సొర, నేను చూసిన సొర

మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. నాన్న 40 ఏళ్ళుగా వేటకెళ్తున్నాడు. తెప్పతో మొదలుపెట్టి ఇంజిను బోటు దాకా అన్నీ చూశాడు. సొర పడిన రోజు ఇంటికి పండగే. పిల్ల సొరైతే అమ్మ వేడినీళ్ళు పోసి, తోలు గీకి, వెల్లుల్లి దంచి వేసి పిట్టు చేసేది. అక్క పురిటికి వచ్చినప్పుడు రోజు విడిచి రోజు అదే పెట్టింది, పాలు పడతాయని.

ఇప్పుడు నేను ఆ సొరని మనుషులకి చూపించి జీతం తీసుకుంటున్నాను. మాల్దీవుల్లో ఫువమ్ములా అనే దీవిలో నాకిది నాలుగో ఏడు.

భూమధ్యరేఖకి కాస్త కిందుగా, మ్యాపులో చుక్కంత ఉంటుంది ఈ దీవి. రాజధాని మాలే దాకా ఒక విమానం, అక్కణ్ణుంచి చిన్న విమానంలో ఇంకో గంటకి పైగా ప్రయాణం. ఈ కొస నుంచి ఆ కొసకి 5 కిలోమీటర్లు కూడా ఉండదు. మాల్దీవులనగానే ఫొటోల్లో కనిపించే లోతులేని నీలిరంగు మడుగులు ఇక్కడ లేవు. ఒడ్డు దాటి కొంచెం పోతే నేల ఒక్కసారిగా లోతుకి జారిపోతుంది. నడిసముద్రంలో తిరిగే పెద్ద చేపలు గుమ్మం దాకా వచ్చేది అందుకే. ఊళ్ళో మంచినీటి చెరువులు రెండున్నాయి. బురద నేలలో చేమదుంప పండిస్తారు. పడవని దోనీ అంటారు. మొదటి రోజు ఆ మాట చెవిన పడగానే గొంతు పట్టేసింది. మన దోనె మాటే కదా.

డైవింగ్ గైడ్ పని అని చెప్పి ఏజెంటు డబ్బు తీసుకున్నాడు. వచ్చాక అప్పజెప్పింది నీళ్ళ కింద పీల్చుకునే గాలి సిలిండర్లు మొయ్యడం, నింపడం. నెత్తి మీద అప్పు ఉంది, వెనక్కి వెళ్ళలేను. ఏడాదిన్నర ఆ గాలి ఎక్కించే కంప్రెసర్ దగ్గరే గడిచింది. తెల్లారకముందే లేచి ఒక్కో సిలిండర్ 200 బార్ ఒత్తిడి దాకా నింపాలి. తొందరపడితే సిలిండర్ వేడెక్కిపోతుంది, చల్లారాక చూస్తే ఒత్తిడి మీటరు ముల్లు కిందికి పడిపోయి ఉంటుంది. 30 మీటర్ల లోతులో మనిషి పైనకంటే 4 రెట్ల గాలి వాడేస్తాడు, అక్కడ తక్కువైతే ఎంత టెన్షనో. అన్నిటికంటే ముఖ్యం, కంప్రెసర్ గాలి పీల్చే పైపు నోటికి ఇంజిను పొగ తగలకూడదు. ఆ పొగ సిలిండర్లోకి పోతే నీళ్ళ కింద ప్రాణం పోతుంది. అందుకే రోజూ ముందు గాలి ఎటు తిరిగిందో చూసుకుని పైపు మార్చేవాణ్ణి. అది నాకిక్కడ ఎవరూ నేర్పలేదు. నాన్న లేవగానే ఒడ్డున నిలబడి మెడ మీద గాలి తగలనిచ్చేవాడు. నేను పక్కన నిలబడేవాణ్ణి.

ఆ తర్వాత కోర్సులు పూర్తి చేసి గైడునయ్యాను.

హార్బర్ నోటి దగ్గర జాలర్లు ఏళ్ళ తరబడి ట్యూనా తలకాయలూ పేగులూ పారేస్తూ వచ్చారు. వాటికి అలవాటు పడి పులి చారల సొరలు, అదే టైగర్ షార్కులు, అక్కడికి చేరతాయి. 2010లో ఈ దేశంలో సొరని పట్టడం నిషేధించారు. దిగే ముందు గెస్టులకి నేను చెప్పేది ఒకటే: గుంపు వదలొద్దు, వీపు చూపించొద్దు, దాని కన్ను మీంచి మీ కన్ను తియ్యొద్దు. కొరికేటప్పుడూ దెబ్బ తగిలేటప్పుడూ ఆ కంటి మీదికి తెల్లటి పొర మూసుకుంటుంది. అది తనని తాను కాపాడుకునే పద్ధతి.

ఇక్కడికి వచ్చేవాటిలో ఎక్కువ ఆడవే. చాలా వరకు కడుపుతో ఉన్నవే.

మొన్న ఏప్రిల్లో ఒకటి నాకు రెండు బారల దూరంలోకి వచ్చింది. దవడ మూల తుప్పు పట్టిన గాలం, దానికి జానెడు తీగ వేలాడుతోంది. సొర తాడు కొరికేస్తుందని నాన్న కూడా గాలానికి తీగే కట్టేవాడు. చిన్నప్పుడు ఆ తీగ చుట్టి ఇచ్చింది నేనే. అది తల కొంచెం తిప్పి నన్ను దాటిపోయింది. నా చేతుల్లో ఆ తీగ గరుకుదనం తెలిసినట్టే అయింది.

ఆ శుక్రవారం సెలవు. అక్కడ నాన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు, వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఆ రెండు నెలలూ ఇల్లు నడిచేది నేను పంపే డబ్బుతోనే. ఫోనెత్తగానే ఎప్పటిలాగే "తిన్నావేట్రా" అన్నాడు. గాలం సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"దాని కన్ను ఎలాగుంటాదిరా?"

"నల్లగా, గుండ్రంగా. మననే చూస్తున్నట్టుంటుంది నాన్నా."

"మేం పైకి లాగేసరికి తెల్లగా ఉండేదిరా" అన్నాడు.