కార్తీకంలో అమ్మతో తలకోనకు

హైదరాబాదు చుట్టాలు మాకు ఫోను చేసి తిరుపతి దగ్గరి తలకోన జలపాతం గురించి అడిగేది ఎక్కువగా జులైలోనే. తెలంగాణలోని కుంటాల, బొగత జలపాతాలు టీవీలో కనిపించగానే తలకోన కూడా అలాగే ఉరకలెత్తుతూ ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ రెండింటికీ నైరుతి వానలే ప్రాణం. మా తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. ఎండాకాలంలో వస్తే 270 అడుగుల కొండ అంచు నుంచి సన్నటి ధార ఒకటి, గాలి ఎటు వీస్తే అటు వంగుతూ దిగుతుంది. అది కూడా అందమే కానీ, అంత దూరం నుంచి వచ్చినవాళ్లు ముఖం ముడుచుకుంటారు. అందుకే అమ్మ తలకోన చూడాలన్నప్పుడు కార్తీక మాసం దాకా ఆగమన్నాను.

“నువ్వు ఆగమంటే నా మోకాళ్లు ఆగుతాయా?” అంది అమ్మ.

ఆగింది. మంచి రోజు కోసం పంచాంగం కన్నా వాతావరణ సూచనే ఎక్కువ చూశాం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నంతసేపూ ఆ ఊసే ఎత్తలేదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైపోవడం చూసినవాళ్లం, శేషాచలం కొండల మీద పడిన నీళ్లు ఎంత వేగంగా కిందికి వస్తాయో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్ద వాన పడితే అటవీ శాఖవాళ్లు జలపాతం దారి మూసేస్తారు. తెరిచి ఉన్నా వాన తగ్గిన మర్నాడే పరుగెత్తడం మంచిది కాదని నా అభిప్రాయం. రెండు మూడు రోజులు తెరిపి ఇస్తే బురద తేరుకుంటుంది. బండల పగుళ్లలోకి ఇంకిన నీరు మాత్రం ఆ తర్వాత కూడా చాలా రోజులు ఊరుతూనే ఉంటుంది కాబట్టి ధార తగ్గిపోతుందన్న బెంగ అక్కర్లేదు. ఇంకో సంగతి, కార్తీకంలో ఆదివారం, సోమవారం వద్దు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, ఆ రెండు రోజులూ కాలు పెట్టే చోటుండదు. మేము బుధవారం బయలుదేరాం.

తమ్ముడు కారు నడిపాడు. రంగంపేట, భాకరాపేట ఘాట్, నెరబైలు మీదుగా దారి. తిరుపతి నుంచి బస్సులు తక్కువ, సొంత బండి ఉంటేనే మన సమయం మన చేతిలో ఉంటుంది. చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టి, గుడిలో అమ్మ దీపం పెట్టుకునేదాకా ఉండి, నడక మొదలుపెట్టాం.

దారి పొడవుగా ఉండదు. అయితే ఎక్కుడు దారి, నీడ ఎక్కువ, నీడ ఉన్నచోటల్లా తడి. మెట్లు ఉన్నంతవరకు అమ్మ చేతికర్రతో మాకన్నా ముందే నడిచింది. బండలు వచ్చాకే అసలు పరీక్ష. నల్లగా నిగనిగలాడే రాయిని నమ్మకూడదు, దాని మీద కంటికి కనపడని నాచు ఉంటుంది. గరుకుగా, బూడిద రంగులో ఉన్న రాయి మీద పాదమంతా ఆనించి, బరువు నెమ్మదిగా మార్చుకోవాలి. ముందు తమ్ముడు అడుగు వేసేవాడు, అదే రాయి మీద అమ్మ, వెనక నేను. అమ్మ చెయ్యి పట్టుకుని పైకి లాగొద్దని మొదట్లోనే అనుకున్నాం. మోచేతి కింద ఆసరా ఇస్తే చాలు, అడుగు ఎప్పుడు వేయాలో ఆమె ఇష్టం. రబ్బరు చెప్పులతో వచ్చిన కుర్రాళ్లు కొందరు వాటిని చేతుల్లో పట్టుకుని మమ్మల్ని దాటుకుపోయారు.

మధ్యలో అమ్మ ఆగిపోయింది, ఆయాసంతో కాదు. చెట్ల మధ్య మనిషి నడుము లావున మెలికలు తిరిగి పాకిన గిల్లతీగ దగ్గర. ఒక చెట్టు మీద నుంచి దిగి, నేలను తాకి, మళ్లీ ఇంకో చెట్టెక్కి ఎక్కడికో పోయింది. దాని మొదలేదో కొసేదో మాకు అంతు చిక్కలేదు. కింద రాలిన కాయ ఒకటి మూరెడు పైనే ఉంది, గింజకో గదిగా కణుపులు కణుపులుగా. పగిలిన గదిలో ముదురు గోధుమరంగు గింజ, అరచేతి గుంటలో సరిగ్గా ఇమిడేంత, చెప్పుల దుకాణంలో పాలిష్ పెట్టినట్టు మెరుస్తోంది. అమ్మ దాన్ని కొంగున కట్టుకోబోతే అటువైపు వచ్చిన అడవి కాపలాదారు నవ్వి, “అక్కడే వదిలేయండమ్మా, ఇక్కడే మొలవనివ్వండి” అన్నాడు. వదిలేసింది, కాస్త అయిష్టంగానే.

ఈ అడవుల్లో దేవాంగపిల్లి, బెట్టుడుత, బంగారు బల్లి అన్నీ ఉన్నాయి. ఆ రోజు మాకు దర్శనమిచ్చింది మాత్రం కోతులే. అరటిపళ్ల సంచి పైకి కనపడకుండా చూసుకోండి.

మలుపు తిరగకముందే చల్లటి తుంపర ముఖానికి తగిలింది. తర్వాత ఒక్కసారిగా ఆ గోడలాంటి కొండ, దాని మీద నుంచి నీళ్లు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు. గుండంలోకి దిగనివ్వలేదు ఆమెను. అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ఈత వచ్చినవాళ్లు కూడా ఆ నీళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పక్కన బండ మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు పోశాం. కార్తీక స్నానం లెక్కలోకి వస్తుందని ఆమే తీర్మానించుకుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా వెంటనే గట్టు ఎక్కాలి. మన నెత్తిన ఎండే కాస్తున్నా, పైన కొండ మీద వాన పడుతున్నట్టు. తమ్ముడికి ఆ కాపలా పని అప్పగించాను. బండల సందుల్లో షాంపూ ప్యాకెట్లు చూసినప్పుడు వచ్చిన కోపం గురించి ఇక్కడ రాయను, ఆ పేరా ఆగదు.

మధ్యాహ్నం మబ్బులు కమ్మకముందే దిగడం మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు ఊపిరికి పని, దిగేటప్పుడు మోకాళ్లకు. అమ్మ పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనాకే తర్వాతి మెట్టు దిగింది. ఎక్కినదానికన్నా దిగడానికే ఎక్కువసేపు పట్టింది. గుడి దగ్గర పులిహోర తిని, మోకాళ్లకు తైలం రాసుకుంటూ, పుత్తూరు దగ్గరి కైలాసకోన జలపాతానికి ఎప్పుడని అడిగింది. అక్కడ ఇంత నడక లేదమ్మా, అన్నాడు తమ్ముడు.

“మరి అక్కడికే ముందు తీసుకెళ్లాల్సింది కదరా!”