హ్యావా, హ్యావ్ హ్యాడా?

రీయూనియన్ సావనీర్ కమిటీ తరఫున మన మెస్ సెక్రటరీ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్: "నాలుగేళ్ళ జ్ఞాపకాలు, ఆదివారంలోగా, ఫొటోతో సహా." రెండు కామాలూ పడాల్సిన చోటే పడ్డాయి. మన వార్డెన్ కామా సార్ చూస్తే మురిసిపోతారు.

నాలుగేళ్ళలో ఫస్టియర్ నాకసలు గుర్తులేదు. సెకండియర్‌లో థర్మోడైనమిక్స్ పేపరు పోయింది, దాన్ని గుర్తుంచుకోవాలనీ లేదు. థర్డియర్ సంగతి బొంగరాన్నే అడగండి, వాడూ చెప్పడు. నాకు మిగిలింది ఒక్క రాత్రి. 2001, ఫైనలియర్, టీవీ రూమ్, హాలీవుడ్ హీరో టామ్ హాంక్స్. (అమ్మాయిలు ఇక్కణ్ణుంచి పేజీ తిప్పేయొచ్చు. ఆ రాత్రి మీ హాస్టల్లో అంత గోల ఎందుకైందో మాకూ ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.)

'కాస్ట్ అవే' రెండో వీసీడీ గీతలు పడి ఆగిపోయింది. అదీ సరిగ్గా ఎక్కడ? దీవిలో హాంక్స్‌కి తోడుగా ఉన్న వాలీబాల్, విల్సన్, నీళ్ళల్లో కొట్టుకుపోయే చోట. మన వాలీబాల్‌కి ఆ పేరు పడింది ఆ రాత్రే. పవరొచ్చి పోతోంది, నిద్ర రావట్లేదు, డబ్బా గాడు ఊరుకోడు. "ఇది కాదురా హాంక్స్ బెస్టు, గంప్" అన్నాడు. అంతే. తలా పది రూపాయల చొప్పున పద్నాలుగు మందిమి పందెం కాశాం. నూట నలభై రూపాయలూ మెస్ సెక్రటరీ దగ్గర పెట్టాం. ఈ అంకె గుర్తుంచుకోండి.

గంప్ పార్టీది మెజారిటీ. డబ్బా గాడు పేపర్ కటింగు బట్టీ పట్టుకొచ్చాడు. 1993లో 'ఫిలడెల్ఫియా', 1994లో 'ఫారెస్ట్ గంప్', రెండు సినిమాలకి వరసగా ఉత్తమ నటుడి ఆస్కార్. అంతకుముందు అలా కొట్టింది స్పెన్సర్ ట్రేసీ ఒక్కడే. ఆ ట్రేసీ ఎవడో వాడికి అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదనే నా నమ్మకం. 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' పార్టీకి ట్యాంకు గాడు లీడరు. ఒమాహా బీచిలో ఆ యుద్ధం, ఆ వణికే చెయ్యి, ఇంకేం కావాలి అని కూర్చున్నాడు. 'కాస్ట్ అవే' వాళ్ళు షూటింగు ఏడాది ఆపి మరీ మనిషి చిక్కిపోయాడని ఒకే పాయింటు పదిసార్లు చెప్పారు. మెస్ అన్నం తింటే నెల చాలని బొంగరం అన్నది అప్పుడే.

'అపోలో 13' పార్టీలో నేనూ పొడుగ్గాడూ ఇద్దరమే. మెకానికల్ వాళ్ళయ్యుండి మిగతావాళ్ళు అటు పోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. చంద్రుడి మీదకి వెళ్ళే నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది, పక్క మాడ్యూల్‌లోకి ముగ్గురూ దూరారు, వదిలిన గాలే చంపేసేలా ఉంది. ఉన్నవి గాలి శుభ్రం చేసే చదరం డబ్బాలు, పట్టాల్సింది గుండ్రటి కంతల్లో. గొట్టాలు, అట్టలు, ప్లాస్టిక్ కవర్లు, టేపు టేబుల్ మీద కుమ్మరించి "వీటితోనే చేయండి" అంటారే, ఆ సీను! మా అమ్మ పంపిన సున్నుండల డబ్బానీ మెస్ గ్లాసునీ పట్టుకుని నేను డెమో ఇస్తుండగా గుమ్మంలో లుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు గ్లాసు.

లైటార్పడానికి వచ్చిన వార్డెన్ క్యారంబోర్డు స్టూలు లాక్కుని కూర్చుంటారని ఎవడనుకున్నాడు? మెస్ నోటీసులో "సాంబారు అన్నం అప్పడం" మధ్య ఎర్ర పెన్నుతో కామాలు పెట్టే మనిషి. "ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు" అని గ్లాసు మీద చెంచాతో కొట్టారు. నా వంతులో నేను గొంతు పెంచి, వ్యోమగాములు హ్యూస్టన్ కంట్రోల్ రూమ్‌తో చెప్పే డైలాగు, "హ్యూస్టన్, వి హ్యావ్ ఎ ప్రాబ్లమ్!" అన్నాను.

టింగ్.

"మూడు నిమిషాలు కాలేదు సార్."

"టైము కాదు నాయనా, టెన్సు. వాళ్ళు నిజంగా అన్నది 'వి హ్యావ్ హ్యాడ్ ఎ ప్రాబ్లమ్'. సినిమావాళ్ళు మార్చారు. ఎందుకు మార్చారో చెప్పు, మార్కులేస్తాను."

అర్ధరాత్రి పన్నెండుకి ప్రెజెంట్ పర్ఫెక్ట్. సుద్ద లేదు, విల్సన్ మీద వేలితో రాసి చూపించారు. 'హ్యావ్ హ్యాడ్' అంటే దెబ్బ తగిలింది, మేమింకా ఉన్నాం, లెక్క చూసుకుంటున్నాం అని. పైలట్ మాట అలాగే ఉంటుందిట. 'హ్యావ్' అంటే ప్రమాదం వచ్చి మన పక్క సీట్లో కూర్చుందని. టిక్కెట్టు కొన్నవాడికి అదే కావాలిట. పొడుగ్గాడు కూర్చునే గురక పెట్టాడు. నేను మాత్రం నాలుగేళ్ళలో ఆయన చెప్పింది మొదటిసారి విన్నాను.

తీర్పడిగితే, "బిగ్" అన్నారు.

మేమెవరం పేరు కూడా వినలేదు. 1988 సినిమాట. పన్నెండేళ్ళ పిల్లాడు పెద్దవాణ్ణయిపోవాలని కోరుకుని పొద్దున్నే ముప్పై ఏళ్ళవాడై లేస్తాడు. మేం నవ్వాం. "ఉద్యోగాల్లో చేరాక చూడండ్రా. ఇప్పుడు చూస్తే కామెడీ అనుకుంటారు" అని లైటార్పేసి వెళ్ళిపోయారు.

ఆ ఆగస్టులో నేను దిగింది ఎక్కడనుకున్నారు? హ్యూస్టనే. ఎంఎస్ సీటు, రెండు సూట్‌కేసులు, హైవే పక్కన మోటెల్. రాత్రంతా సైరన్లు. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, దాని మీద పచ్చళ్ళ సూట్‌కేసు పెట్టి, దుప్పటి ముసుగెట్టి ఏడ్చాను. ఈ సంగతి మా ఇంట్లో కూడా తెలీదు. సంక్రాంతి రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో 'బిగ్' క్యాసెట్ దొరికింది. న్యూయార్క్‌లో చవక హోటల్ గది, బయట తుపాకీ చప్పుళ్ళు, ముప్పై ఏళ్ళ ఒంట్లో ఉన్న ఆ పిల్లాడు మంచం మీద ముడుచుకుని ఏడుస్తున్నాడు. క్యాసెట్ ఆపి కాసేపు కారిడార్లో తిరిగాను.

ఇప్పుడు ఇక్కడే ఆపరేషన్ థియేటర్లకి గాలి ఫిల్టర్లు డిజైన్ చేసే పని. ఒక పేటెంటు కూడా వచ్చింది, ఐదు పేర్లలో మూడోది నాది. అది గుండ్రటి గొట్టానికి చదరపు ఫిల్టరు గాలి పోకుండా పట్టించే బిగింపు. నవ్వకండి.

పాత అపోలో కంట్రోల్ రూమ్‌ని 2019లో మళ్ళీ అప్పటిలాగే తీర్చిదిద్ది తెరిచారు, యాష్‌ట్రేలూ కాఫీ కప్పులతో సహా. మా అమ్మాయిని తీసుకెళ్ళాను. అద్దం ఇవతల నిలబడి "హ్యావ్ హ్యాడ్, ప్రెజెంట్ పర్ఫెక్ట్" అన్నాను, కొంచెం గట్టిగానే. అది నా పక్కనుంచి జరిగి వేరేవాళ్ళ పక్కన నిలబడింది.

గంప్ పార్టీ 2022లో గంప్ హిందీ రీమేక్ 'లాల్ సింగ్ చడ్డా' వచ్చినప్పుడు గ్రూపులో చేసిన హడావుడి మర్చిపోలేదు. నాగచైతన్య వేశాడు కాబట్టి గంప్ మనదే అన్న డబ్బా గాడి వాదనకి జవాబు రీయూనియన్‌లో చెప్తాను. కామా సార్ వస్తున్నారట. ఎర్ర పెన్ను తెస్తారు, ఎవరైనా ప్రూఫులు సరిగ్గా చూడండి.

ఇక మెస్ సెక్రటరీకి: ఫొటో జత చేశాను. ఆ రాత్రి ఏ పార్టీ కాయని సినిమా గెలిచింది కాబట్టి పందెం ఎవరికీ చెందదు. ఆ నూట నలభై, పాతికేళ్ళ వడ్డీతో, ఏదిరా?