ఎం105 పక్కన మూడో మచ్చ

మాఘ అమావాస్య రాత్రి సింహరాశిలోని ఎం105 అనే గెలాక్సీ కోసం మా డాబా మీద గంటన్నర వెతికాను. 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), 48 రెట్లు పెద్దగా. వీధి దీపాల వెలుగులో ఒకే ఒక్క మసక మచ్చ కనిపించింది. నోట్‌బుక్‌లో ‘ఎం105?’ అని రాసుకుని కిందికి దిగాను.

ఫాల్గుణ అమావాస్యకు అనంతగిరి వెళ్లాను. మర్నాడు ఉగాది, తెల్లవారేసరికి ఇంట్లో ఉండాలని షరతు! దారి గతుకులకు అద్దం అమరిక చెదిరింది. వెలుగుండగానే సరిచేసుకున్నాను, చీకటి పడ్డాక ఆ మరలతో కుస్తీ నా వల్ల కాదు.

మన అక్షాంశంలో సింహరాశి దాదాపు నడినెత్తికి వస్తుంది. ఆకాశం అక్కడే తేటగా ఉంటుంది కానీ, గొట్టం నిట్టనిలువుగా లేచాక డాబ్సోనియన్‌ను పక్కకు జరపడం ప్రాణసంకటం. అందుకే ఎనిమిదిన్నరకే మొదలుపెట్టాను. మఖ నక్షత్రం నుంచి తూర్పుకు, చేయి చాచి పిడికిలి పట్టినంత దూరం. అక్కడ 52, 53 లియోనిస్ అనే రెండు చిన్న నక్షత్రాలున్నాయి. వాటి నడుమ సుమారు సగం దూరంలో ఎం105.

10 మి.మీ. ఐపీస్ పెట్టాను, 120 రెట్లు. నీళ్లలో పడ్డ పాలచుక్కలా ఉంది: నడుమ చిక్కగా, అంచు ఎక్కడ ఆగిందో తెలియకుండా. దీర్ఘవృత్తాకార గెలాక్సీ కదా, సుడి తిరిగే చేతులూ మెలికలూ ఉండవు. పక్కనే మరో గెలాక్సీ ఎన్‌జీసీ 3384 (ఎన్‌జీసీ అనేది ఇంకో జాబితా పేరు), కాస్త సాగదీసినట్టు. మూడోది, ఎన్‌జీసీ 3389, ససేమిరా కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడాలని ఫోను కారులో పడేసి, తలమీద తువ్వాలు కప్పుకుని అరగంట ఆగాను. చూపు పక్కకు పెట్టి గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టితే ఏదో కదిలింది. నాలుగుసార్లు వచ్చి పోయాక గాని పెన్సిల్ పట్టలేదు.

తమాషా ఏమిటంటే, ఇంత ఏడిపించిన ఆ మూడోది ఈ గుంపుది కాదు. ఎం105, 3384, ఆ పక్కన ఎం95, ఎం96 అన్నీ మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాల అటూ ఇటూగా ఉన్న ఒకే బృందం. 3389 దాదాపు రెట్టింపు దూరంలో ఉంది, మనకు మాత్రం వీటి సరసన కనిపిస్తుంది. ఎం105కూ చిన్న అన్యాయం జరిగింది. 1781లో ఫ్రెంచ్ ఖగోళవేత్త మెషెన్ కనిపెట్టినా, ఆయన సహచరుడు మెసియే అచ్చువేసిన జాబితాలో (‘ఎం’ అంటే ఆ మెసియేనే) దానికి చోటు దొరకలేదు. 1947లో ఖగోళవేత్త హెలెన్ సాయర్ హాగ్ చేర్చారు.

బయలుదేరే ముందు మళ్లీ 25 మి.మీ. పెట్టాను. ఒక డిగ్రీ వెడల్పులో ఒక అంచున ఎం105 జంటగా, రెండో అంచున ఎం96 ఒంటరిగా. అప్పుడు వెలిగింది. డాబా మీద ఎం105 కనిపించి ఉంటే, కాంతిలో దానికి కొద్దిగానే తీసిపోయే 3384 కూడా లీలగానైనా కనిపించాలి. నేను చూసింది ఒక్క మచ్చనే.

నోట్‌బుక్‌లో పాత పేజీ తీసి ‘ఎం105?’ కొట్టేసి ‘ఎం96?’ అని రాశాను. ప్రశ్నార్థకం అలాగే ఉంది.