ద్రాక్షపండు వాసన

పడుకుందామంటే ఆ వాసన ముక్కు వదలట్లేదు. లేచి లైటు వేశాను. "మళ్లీ రాయడం మొదలెట్టావా" అన్నారు అత్తయ్య.

ఇవాళ పన్నెండు సీసాల తల్లిపాలు సింకులో పోశారు. మా ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన పాల బ్యాంకులో, అంటే దాతలిచ్చిన తల్లిపాలు దాచి పసిపిల్లలకి ఇచ్చే చోట, ఇది మూడో బ్యాచ్. క్రిములు చావడానికి వేడి చేసి, అంటే పాశ్చరైజ్ చేసి, ఆ తర్వాత తీసిన శాంపిల్‌లో ఒక్క క్రిముల కాలనీ వచ్చినా బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. క్రిముల్ని పెంచి చూసే ప్లేటు మీద పచ్చటి మెరుపు, మూత ఎత్తగానే ద్రాక్షపండు వాసన. క్రిమిని గుర్తుపట్టే ఆక్సిడేజ్ కాగితం మీద రాస్తే పది సెకన్లలో ఊదారంగు తిరిగింది. సూడోమొనాస్, తడిలో పెరిగే బాక్టీరియా.

మీటింగులో అందరూ పాలు కాచే మెషీన్ మీద పడ్డారు. వేడి చాల్లేదట, కంపెనీవాళ్లని పిలవాలట. 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలుంచితే సూడోమొనాస్ బతకదండీ. ఆ వేడికి తట్టుకునేవి బాసిల్లస్ అనే బాక్టీరియా స్పోర్లు, గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి. అవి వస్తే దుమ్మునో, సరిగ్గా కడగని పంపునో అనుమానించాలి. ఇది వచ్చిందంటే ముందు నీళ్లని చూడాలి. కాగిన సీసాల్ని చల్లటి నీళ్లలో పెట్టి 4 డిగ్రీలకి దించుతారు కదా, అప్పుడు లోపలి గాలి ముడుచుకుని, మూత కాస్త వదులైనా బయటి నీళ్లని లాగేసుకుంటుంది. ఆ మూతలేమో ఆటోక్లేవులో, ఆవిరితో క్రిముల్ని చంపే పాత్రలో, తిరిగి తిరిగి అంచు వంగినవి. నీళ్లు మూత అంచుకి కిందే ఉండాలని గోడ మీద చార్టులో ఉంది. త్వరగా చల్లారుతాయని ఎవరో టబ్బు నిండా పోసేశారు.

చిన్న సీసాలూ పెద్దవీ కలిపి పెట్టడం ఇంకో తప్పు. పాలు కాచేటప్పుడు టైమరు మొదలవ్వాల్సింది వేడినీళ్ల టబ్బుని బట్టి కాదు, వేడి కొలవడానికి పెట్టిన కంట్రోల్ సీసాలో పాల వేడిని బట్టి. ఆ సీసాలో మిగతావాటి కంటే తక్కువ పాలుంటే అది ముందే కాగి అబద్ధం చెబుతుంది.

ప్రారంభోత్సవం నాడు డీప్ ఫ్రీజరుకి దండ వేశారు. జనరేటర్ లైను మాత్రం వేయలేదు. మైనస్ 20లో ఉండాల్సిన పాలు కరెంటు పోతే ఏమవుతాయని అడిగితే "ఇండెంట్ పెట్టాం మేడమ్" అన్నారు, అంటే కావాలని కాగితం పంపారు. దండకి ఏ ఇండెంటూ అక్కర్లేదు.

ఇంత తొందరపడి తెరవకుండా ఉండాల్సిందని రాద్దామనే కూర్చున్నా. ఈలోగా పాత వార్డు గుర్తొచ్చింది. వరసగా ఇనప మంచాలు. పాలు పడని తల్లి పక్కన, పాలు ఎక్కువై జ్వరం తెచ్చుకున్న తల్లి. వార్డు ఆయా స్టీలు గ్లాసులో పిండించి, ఉగ్గుగిన్నెతో పక్క మంచం పిల్లకి పట్టేది. కొంగు అడ్డం పెట్టుకుని ఒకామె ఇద్దరికీ ఇచ్చేది, సొంత పిల్లకి ఎడమవైపు, పక్క మంచం పిల్లకి కుడివైపు అని లెక్క కూడా చెప్పేది. హెచ్ఐవీ భయం వచ్చాక అది ఆగిపోయింది, ఆగడం న్యాయమే. దాని చోట్లోకి వచ్చింది డబ్బా పాలు. నెలలు నిండని పిల్లల పేగులకి అవెంత చేటో ఎన్ఈసీ, అంటే పేగు వాచి కుళ్లే జబ్బు, చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ముంబై సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ 1989లోనే పాల బ్యాంకు పెట్టారు. హైదరాబాదు నీలోఫర్‌కి 2017లో వచ్చింది. మనదే ఆలస్యం. తెరిచి మంచి పనే చేశారు లెండి.

పదకొండు వందల గ్రాముల పిల్లకి మొదటి బ్యాచ్ నుంచి 2 మిల్లీలీటర్లు ట్యూబులో వెళ్లాయి. అరిగాయి.

అయినా సొంత తల్లి పాలే ముందు. పాశ్చరైజ్ చేసే వేడికి కొవ్వుని అరిగించే లైపేజ్ పోతుంది, జబ్బుల్ని అడ్డుకునే ఐజీఏ కొంత తగ్గుతుంది. దాతలు ఎక్కువగా నెలలు నిండి కన్నవాళ్లు కాబట్టి ప్రోటీనూ తక్కువే, చిన్న పిల్లలకి ఫోర్టిఫయర్, అంటే అదనపు పోషకాలు, కలపాలి. కన్నతల్లి రోజుకి ఎనిమిది పది సార్లు పిండితేనే పాలు నిలబడతాయి. ఆపరేషన్ కుట్లతో ఆమె కూర్చోడానికి పసిపిల్లల ఐసీయూలో వీపు ఆన్చుకునే కుర్చీ ఒక్కటుంది. అదీ చెయ్యి విరిగింది.

పొద్దున్నే కూలింగ్ టబ్బు నీళ్ల శాంపిల్ తీయాలి. మున్సిపాలిటీ నీళ్లు, క్లోరిన్ ఉంటుంది. శాంపిల్ సీసాలో ముందే క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసుకోకపోతే దారిలోనే క్రిములు చచ్చి, నీళ్లు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. సీసాలు రెండు బ్యాగులో పెట్టేశాను. అత్తయ్యా, వాటిని మందు సీసాలనుకుని తీసి ఫ్రిజ్‌లో పెట్టకండి.